బంగారు పూత గల గిటారు భాగములు: వాని సంరక్షణ

జైపూరు మొదలు రామగుండము, గోదావరిఖని వరకు గల బొగ్గుగనుల సీమలో ఉదయము తుడిచిన అరుగుమీద సాయంకాలమునకు నల్లని పొడి మరల కానవచ్చును. ఇచట గిటారు వాయించు యువకులు తమ వాద్యపు బిరడలు, గుర్రము, పికప్ మూతలు మాసినవని చెప్పునపుడు మొదట బొగ్గునే నిందింతురు. మా అభిప్రాయమున అసలు దోషము చేతి చెమటది. బొగ్గుపొడి దానికి తోడుదొంగ.

బంగారము మాయునా అని శ్రోతలు అడుగవచ్చును. మేలిమి బంగారమునకు గాలివలనగాని తేమవలనగాని చిలుము పట్టదు. కాని ఇచట ఉన్నది పూత మాత్రమే. దాని మందము తరచుగా ఒక మైక్రానునకు లోబడియే ఉండును. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. దానిక్రింద సాధారణముగా నికెలు, ఆ క్రింద ఇత్తడియో జింకు మిశ్రలోహమో ఉండును. ఇంత పలుచని పూతలో కంటికి కానరాని రంధ్రములు ఉండును. చెమటలోని ఉప్పు, తేమ, బొగ్గు కాలినపుడు వెలువడు గంధకపు వాయువులు వానిగుండ దిగి అడుగు లోహమును తినును. ఆ చిలుము పైకి ప్రాకగా బంగారమే మాసినట్లు తోచును. చిలకలపూడి గిల్టు నగలు ధరించు గృహిణులకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు.

ఒకసారి మేము పూజాపాత్రను తోమినట్లు చింతపండుతో ఒక బిరడను తోమితిమి. మొదట తళతళలాడెను. రెండవమారు తోమగా అంచున తెల్లని నికెలు బయటపడెను. అది మురికి కాదు; ఎంత రుద్దినను బంగారము తిరిగి రాదు. నిమ్మరసము, బూడిద, టూత్‌పేస్టు, ఇత్తడి పాలిషు అన్నియు ఇట్టివే. స్టీలు పీచు మరియు ప్రమాదము: దాని తునకలు పికప్‌లోని అయస్కాంతమునకు అంటుకొని వదలవు.

మొదట తీగలను వదులుచేసి, మెత్తని కుంచెతో ధూళిని దులుపవలెను. పొడిగుడ్డతో రుద్దరాదు. బొగ్గుపొడిలో ఇసుకజాతి రేణువులు కలసియుండును. అవి బంగారముకంటె చాల గట్టివి, పూతను గీయును. పిమ్మట పాత పంచెముక్కను బ్యాటరీలకు వాడు శుద్ధజలములో తడిపి గట్టిగా పిండి, ఒత్తకుండ తుడువవలెను. జిడ్డున్నచో ఒక బొట్టు తేలికపాటి సబ్బునీరు చాలును. తరువాత మంచినీటి గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టవలెను. నీరు మరలలోనికిగాని పికప్‌లోనికిగాని దిగరాదు. మరల సందులలోని పచ్చని చిలుమును వెదురుపుల్లతో మెల్లగా తీయవచ్చును. వీలైన భాగములను ఊడదీసి శుభ్రపరచుట ఉత్తమము. ఏ మర ఎక్కడిదో కాగితముపై గుర్తు వ్రాసికొననిచో తరువాత తంటాలు తప్పవు.

ఇంత చేసినను మచ్చ మిగిలినచో దానిని అట్లే ఉండనిండు. పూత పూర్తిగా పోయిన భాగమునకు మరల పూత వేయించవచ్చును గాని, ఆ పనిలో తరచుగా సైనైడు లవణములు వాడుదురు, ఇంట తలపెట్టరాదు. ఖర్చు విచారించినచో, పెండ్లి బ్యాండులలో వాయించి పొట్టపోసికొనువారికి మామూలు నికెలు బిరడలు బిగించుకొనుటయే మేలని మాకు తోచును. స్వరమునకు లోటు రాదు.

వాయించిన వెంటనే చేయి తాకిన చోట్లు తుడిచి, వానకాలమున పెట్టెలో తేమను పీల్చు సిలికా పొట్లము నుంచవలెను. రబ్బరు బ్యాండ్లు మాత్రము ఆ పెట్టెలో వేయకుడు. వానియందును గంధకము గలదు.