బూడిద తేల్చిన వెండి

జపాన్‌లోని హొన్షూ ద్వీపానికి పడమటి వైపు, కొండలకూ సముద్రానికీ మధ్య ఉన్న పాత రాష్ట్రం ఇవామి. ఇప్పటి షిమానె ప్రిఫెక్చర్‌లో పడమటి భాగం అదే. అలాంటి మారుమూల సీమ 16వ శతాబ్దంలో యూరప్ దాకా తెలిసింది. లూయిస్ టెయిషేరా గీయగా 1595లో అచ్చయిన జపాన్ పటంలో అక్కడ వెండి గనులున్నాయని రాసి ఉంది.

1526-27 ప్రాంతంలో హకాటా రేవుకు చెందిన వర్తకుడు కమియా జుతెయి ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. ఖనిజం దండిగా దొరికింది కానీ, దాన్నుంచి వెండిని తీసే నేర్పు స్థానికంగా లేదు. ముడి రాయినే ఓడలకెత్తి పంపేవారు. 1533లో కొరియా పద్ధతి తెలిసిన పనివాళ్లను జుతెయి రప్పించాక ఆ కొరత తీరింది.

ఆ పద్ధతి పేరు హైఫుకి. ఖనిజాన్ని సీసంతో కలిపి కరిగిస్తే, రాతిలోని వెండి సీసంలోకి చేరుతుంది. ఆ మిశ్రమాన్ని బూడిద పరిచిన కొలిమిలో వేసి, తిత్తులతో గాలి ఊదుతారు. వేడికి సీసం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆక్సైడ్‌గా మారి, ద్రవమై బూడిదలోకి ఇంకిపోతుంది. వెండి అంత తేలిగ్గా ఆక్సిజన్‌తో కలవదు. అందుకే అదొక్కటే పైన ముద్దగా మిగులుతుంది.

గని విలువ తెలిశాక పోరు మొదలైంది.

ఒఉచి, అమాగొ, మోరి వంశాలు దానికోసం దశాబ్దాలపాటు కొట్లాడాయి. 1562లో అది మోరి చేతికి చిక్కింది. 1600లో సెకిగహారా యుద్ధం గెలిచిన తొకుగావా ఇయెయాసు గనిని నేరుగా తన పాలన కిందికి తెచ్చుకున్నాడు. 17వ శతాబ్దం తొలినాళ్లలో ప్రపంచపు వెండిలో మూడో వంతు దాకా జపాన్‌దేనని చరిత్రకారుల అంచనా. అందులో ఇవామి వాటా పెద్దది.

ఆ వెండికి మూల్యం చెల్లించింది కూలీలు. ఇరుకు సొరంగాల్లో రాతి ధూళి, దీపాల పొగ పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయేవి. 1850లలో మియా తైచూ అనే వైద్యుడు వాళ్లకోసం ఊరవేసిన ఉమె పండు గుజ్జుతో ముసుగులు చేయించాడు.

తవ్వేకొద్దీ సొరంగాల్లో నీరు ఊరింది, దిగుబడి పడిపోయింది. గని 1923లో మూతపడింది. 2007లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సొరంగాలతోపాటు వెండిని మోసుకెళ్లిన కొండదారులు, దాన్ని ఓడలకెక్కించిన రేవులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.