పడుకోని గదికి అద్దె

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఆఫీసు పని మీద క్యాంపు వెళ్తే గది అద్దె, ఊళ్లో ప్రయాణం, భోజనం అనే మూడు పద్దుల కింద డబ్బు వస్తుంది. ఏడో వేతన సంఘం సిఫార్సుల తర్వాత ఆర్థిక శాఖ వ్యయ విభాగం 2017 జులై 13న ఇచ్చిన ఉత్తర్వు వీటిని నిర్ణయించింది. రేట్లు జులై 1 నుంచే అమల్లోకి వచ్చాయి. గది అద్దెకు అప్పటి రోజువారీ గరిష్ఠ పరిమితి 14వ లెవెల్, ఆపైవారికి రూ.7,500; 12, 13 లెవెళ్లకు రూ.4,500; 9 నుంచి 11 వరకు రూ.2,250; 6 నుంచి 8 వరకు రూ.750, 5వ లెవెల్, అంతకు దిగువవారికి రూ.450.

ఈ ఉత్తర్వు చుట్టూ పుట్టిన అపోహల్లో ఒకటి ఉద్యోగాల మీదికే తెస్తోంది. 8వ లెవెల్, ఆ దిగువవారికి బిల్లు అక్కర్లేదు కనుక బావమరిది ఇంట్లో పడుకున్నా గది అద్దె పూర్తిగా రాసుకోవచ్చన్నది ఆ ప్రచారం. కొత్తగా చేరినవారికి దీన్ని సెక్షన్లో సీనియర్లే నేర్పుతారు. ఆడిట్ అభ్యంతరం వచ్చేనాటికి ఆ సీనియర్ రిటైరై హాయిగా ఉంటాడు. బిల్లు మీద సంతకం మాత్రం కుర్రవాడిది.

ఉత్తర్వు మినహాయించింది వోచర్‌ను, బసను కాదు. చెల్లించిన అద్దెను పరిమితికి లోబడి తిరిగి ఇవ్వడమే ఈ పద్దు పని. రూ.750 అర్హత ఉన్నవారు రూ.500 గదిలో ఉంటే వచ్చేది రూ.500. బంధువుల ఇంట్లో ఉంటే ఈ పద్దు కింద వచ్చేది సున్నా. భోజనం, స్థానిక ప్రయాణం పద్దులు వేరే. పైగా వోచర్ బదులు ఇచ్చే స్వీయ ధ్రువీకరణలో ఏ తేదీల్లో, ఏ పేరుగల చోట ఉన్నదీ స్పష్టంగా రాయాలని అదే ఉత్తర్వు చెబుతోంది. ఆ పేరు పట్టుకుని వెళ్లి లాడ్జి రిజిస్టరు తిరగేయడానికి ఏ పరిశోధనా అక్కర్లేదు. రిజిస్టరులో మనిషి లేకపోతే, అతను అబద్ధం చెప్పాడనడానికి సాక్ష్యం అతని చేతిరాతలోనే ఫైల్లో ఉంటుంది.

9వ లెవెల్ నుంచి వోచర్ తప్పనిసరి కావడంతో అక్కడ అపోహ వేషం మారుస్తుంది: పరిమితికి సరిపడా బిల్లు తెస్తే చాలట. ‘‘ఎంతకు రాయమంటారు సార్?’’ అని అడిగే లాడ్జి గుమాస్తాలకు కొరత లేదు. వారి బిల్లు పుస్తకంలో కార్బన్ ప్రతి ఉంటుందన్న సంగతే ఆఫీసర్లకు గుర్తుండదు. దొరికినప్పుడు సొమ్ము రికవరీతో వ్యవహారం ముగియదు. 1964 నాటి ప్రవర్తన నియమావళి ఉద్యోగి నిజాయితీని మొదటి షరతుగా పెట్టింది. దాన్ని మీరితే 1965 నాటి సీసీఏ నియమాల కింద ఛార్జిమెమో వస్తుంది. శిక్ష ఇంక్రిమెంట్ల కోత నుంచి డిస్మిస్ దాకా ఎక్కడైనా ఆగవచ్చు. మూడు రాత్రుల క్యాంపులో 8వ లెవెల్ ఉద్యోగి ఇలా మిగుల్చుకునేది 2017 రేటున రూ.2,250.

పరిమితులు చాలవన్న మాటను మాత్రం ఒప్పుకోక తప్పదు. 6 నుంచి 8 లెవెళ్లకు ఇదే ఉత్తర్వు భోజనానికి రూ.800, గదికి రూ.750 పెట్టింది. పడకకన్నా పళ్లెం ఖరీదైన ఊరు ఎక్కడుందో రాసినవారికే తెలియాలి. కరవు భత్యం 50 శాతం పెరిగినప్పుడల్లా గది పరిమితి 25 శాతం పెరగాలన్నది నిబంధన. కరవు భత్యం ఆ గీత తాకింది 2024 జనవరి 1న, అంటే ఆరున్నరేళ్లకు. ఆ లెక్కన కూడా రూ.450 అయ్యేది రూ.562.50. ఈ సొమ్ముకు నగరంలో శుభ్రమైన గది దొరకడం అదృష్టమే. అందుకే టూర్ ఖరారైన రోజే ప్రభుత్వ అతిథి గృహానికి గానీ, శిక్షణ సంస్థ హాస్టల్‌కు గానీ రాసుకోవడం తెలివైన పని.

హైదరాబాద్‌లో అందరికీ వెయ్యి అన్న మాటలో సగమే నిజం. హైదరాబాద్ వంటి ఎక్స్ తరగతి నగరాల్లో 8వ లెవెల్ వరకు పరిమితి రూ.1,000 (25 శాతం కలిపితే రూ.1,250), కానీ వోచర్ చూపితేనే. విజయవాడ, విశాఖపట్నం, వరంగల్ వై తరగతి కనుక ఈ వెసులుబాటు అక్కడ లేదు.

హోటల్ టిఫిన్ బిల్లులు దాచుకునేవారు వాటిని పారేయవచ్చు. భోజనానికి ఏకమొత్తమే, వోచర్ అడగరు. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి లెక్కగట్టి, హెడ్‌క్వార్టర్‌కు దూరంగా ఉన్నది 6 గంటల లోపైతే 30 శాతం, 12 గంటల వరకు 70 శాతం, ఆపైన పూర్తి మొత్తం ఇస్తారు. ఎల్‌టీసీలో హోటల్ ఖర్చు వస్తుందన్నది వట్టిమాట. అది ప్రయాణ ఛార్జీలకే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగులు కేంద్ర పట్టిక చూపి డీడీఓతో వాదించడం వృథా. వారి రేట్లు తమ రాష్ట్ర పీఆర్సీ తర్వాత వచ్చే జీవోల్లో, గ్రేడ్ల వారీగా ఉంటాయి.

బిల్లు పెట్టడానికి ఏడాది గడువుందన్నది కాలం చెల్లిన సమాచారం. 2018 మార్చి నుంచి టూర్ క్లెయిముకు గడువు ప్రయాణం ముగిశాక 60 రోజులే. గది ఖాళీ చేసిన రోజే లాడ్జి పేరు, తేదీలు, చెల్లించిన మొత్తం రాసిపెట్టుకుంటే బిల్లు పెట్టేటప్పుడు జ్ఞాపకం మీద ఆధారపడే పని ఉండదు.