తంజావూరులో వసంతకాలపు రెండు రోజులు

చైత్ర వైశాఖాలు వసంత ఋతువు. కావేరీ డెల్టాలో ఈ మాసాలకు ఎండ తీవ్రత కూడ తోడవుతుంది. కాబట్టి శని, ఆదివారాలు తంజావూరులో గడపదలచినవారు ఉదయ సాయంకాలాలను ఆలయ దర్శనానికి, మధ్యాహ్నాన్ని నీడపట్టున చూడదగినవాటికి కేటాయించుకోవడం మేలు. ఇద్దరు మిత్రులు కలిసి వెళ్లి, వారిలో ఒకరికి తమిళం, మరొకరికి తెలుగు చదవడం వస్తే యాత్ర మరింత సార్థకమవుతుంది. తమిళం, తెలుగు, మరాఠీ, సంస్కృతం కలిసి పెంచిన నగరమిది.

శనివారం ఉదయం: పెద్దకోవెల

రాజరాజ చోళుడు నిర్మింపజేసిన బృహదీశ్వరాలయం 1010లో పూర్తయింది. గ్రానైటు రాతితో కట్టిన దీని విమానం ఎత్తు సుమారు 66 మీటర్లు. గోడలమీది తమిళ శాసనాలలో రాజు చేసిన దానాలతోపాటు, ఆలయ సేవకు రప్పించిన 400 మంది నాట్యకత్తెల పేర్లు, వారికిచ్చిన ఇళ్ల వివరాలు కూడ ఉన్నాయి. లిపి ప్రాచీనమైనా, తమిళం వచ్చిన మిత్రుడు కొన్ని అక్షరాలను పోల్చుకోగలడు.

ఎదుటనున్న ఏకశిలా నంది నాయకరాజుల కాలం నాటిది. ప్రాకారంలో భోసలే రాజుల వంశచరిత్రను తెలిపే మరాఠీ శాసనాన్ని 1803లో చెక్కించారు. గర్భాలయం చుట్టూ ఉన్న లోపలి మార్గంలో చోళుల చిత్రాలపైన నాయకులు తమ చిత్రాలను వేయించారు. అడుగున దాగిన చోళచిత్రాలు 1931లో బయటపడ్డాయి. ఆ మార్గంలోకి సాధారణ సందర్శకులకు ప్రవేశం లేదు. మధ్యాహ్నం ఆలయాన్ని కొన్ని గంటలు మూసివేస్తారు గనుక ఉదయమే వెళ్లడం మంచిది.

మధ్యాహ్నం: కోట, సరస్వతీ మహలు

నాయకులు కట్టించగా మరాఠా రాజులు విస్తరించిన రాజప్రాసాదంలోనే సరస్వతీ మహలు గ్రంథాలయం ఉంది. తెలుగు సాహిత్యంలో ఒక ప్రధాన యుగం ఈ కొలువులోనే వర్ధిల్లింది. రఘునాథ నాయకుడు స్వయంగా కవి. చేమకూర వేంకటకవి తన ‘విజయవిలాసము’ను అంకితమిచ్చినది ఆయనకే. ఆయన కుమారుడు విజయరాఘవ నాయకుని ఆస్థానంలో రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసము’ రచించింది.

1673లో నాయకుల పాలన ముగిసింది. కొద్దికాలానికే మరాఠాలు రాజ్యానికి వచ్చారు. అయినా తెలుగు కొలువు వీడలేదు. మరాఠీ మాతృభాషగా గల శాహజీ మహారాజు తెలుగులో యక్షగానాలు రచించాడు. ప్రతాపసింహుని కాలంలో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ వెలసింది. రెండవ శరభోజి (1798–1832) ఈ గ్రంథాలయాన్ని ఎంతో వృద్ధిచేశాడు. 1918లో ఇది ప్రజల గ్రంథాలయమైంది. సందర్శకులు ప్రదర్శనశాలలో తాళపత్రాలను, చిత్రాలను, పటాలను చూడవచ్చు.

ఆదివారం: తిరువయ్యారు, మేలట్టూరు

తంజావూరుకు సుమారు 13 కిలోమీటర్ల దూరంలో, కావేరి ఒడ్డున, త్యాగరాజస్వామి సమాధి ఉంది. పుష్య బహుళ పంచమినాటి ఆరాధనకు అక్కడ జనం కిక్కిరిసి ఉంటారు. వసంతంలో ఆ చోటు ప్రశాంతంగా ఉంటుంది. 1847లో స్వామి సిద్ధి పొందిన తరువాత కాలక్రమాన శిథిలమైన సమాధిస్థలానికి మందిరం కట్టించినది బెంగళూరు నాగరత్నమ్మ. ముద్దుపళని కావ్యాన్ని 1910లో తిరిగి అచ్చువేయించినది కూడ ఆమెయే. మొదటినాడు కోటలో వినిపించిన పేరు రెండవనాడు నదీతీరాన మళ్లీ ఎదురవుతుంది.

యాత్ర వైశాఖ శుద్ధ చతుర్దశికి, అంటే నృసింహ జయంతికి, కుదిరితే రాత్రి మేలట్టూరు చేరాలి. అచ్యుతప్ప నాయకుడు ఈ ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబాలకు భూమి, ఇళ్లు ఇచ్చాడని సంప్రదాయం. అక్కడ వరదరాజ పెరుమాళ్ కోవెల ఎదుట మేలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకం ‘ప్రహ్లాద చరిత్రము’ను భాగవతమేళంగా ఆడతారు. స్త్రీ పాత్రలను సైతం పురుషులే ధరిస్తారు. నటులకు ఇంటిభాష తమిళమే. ప్రేక్షకులలోనూ అధికులు తమిళులే. అయినా దరువులు, పద్యాలు తెలుగులోనే సాగుతాయి.

తమిళనాట తెలుగు మాట్లాడే ఇళ్లలో లిపి రాని పిల్లలెందరో ఉన్నారు. ఇంట తమిళం మాట్లాడేవారు తెలుగు నాటకాన్ని తరతరాలుగా నిలుపుకొన్న ఊరు మేలట్టూరు. ఇంట తెలుగు పలికేవారికి అక్షరాలు నేర్చుకొనడం అంతకంటె తేలిక. యాత్రకు ముందే ఇంటిలోని పిల్లలకు వర్ణమాల నేర్పి వెంట తీసుకువెళితే, సరస్వతీ మహలులోని అద్దాల వెనుకనున్న తాళపత్రం వారికి కేవలం పాత ఆకుగా కనబడదు. అందులో ఒకటి రెండు అక్షరాలనైనా వారే పోల్చుకొని పైకి చదువుతారు.