క్రిస్మసు రాత్రియు ‘మిస్సమ్మ’యు

కడప పట్టణమున మొన్నటి క్రిస్మసు రాత్రి మేమొక క్రైస్తవ మిత్రుని యింటికి విందునకు బోయియుంటిమి. వాకిట నక్షత్రదీపము వెలుగుచుండెను. భోజనానంతరము ఇంటిల్లిపాదియు, ఇరుగుపొరుగు హిందూ, ముస్లిము కుటుంబములవారును కూడి ‘మిస్సమ్మ’ చిత్రమును తిలకించితిమి. ఆ యింట నిది యేటేట జరుగు వాడుక యట. మార్కస్ బార్ట్లీగారు నలుపు తెలుపులతోనే సృష్టించిన యా వెన్నెలను చూచుచు పిల్లలు సైతము కదలక కూర్చుండిరి.

1955వ సంవత్సరము జనవరిలో వెలువడిన యీ చిత్రమును చక్రపాణిగారితో గూడి నిర్మించిన నాగిరెడ్డిగారు ఈ కడప మండలమున బుట్టినవారే. వారి యగ్రజులు బి. యన్. రెడ్డిగారు 1951లో ‘మల్లీశ్వరి’ని మనకొసగిరి. 1957లో ‘మాయాబజారు’ను తీర్చిన కె. వి. రెడ్డిగారు పొరుగున నున్న తాడిపత్రివారు. ఈ సీమ క్షామమునకు మాత్రమే నెలవని జాలిపడువారు ఈ సంపదను గూడ నెరుగవలదా?

కథ పాఠకులెరిగినదే. ఉద్యోగము లేని హిందూ యువకుడును, అప్పుల బాధ నున్న క్రైస్తవ యువతియు, దంపతులకే యిత్తుమనిన యుపాధ్యాయ పదవులకై భార్యాభర్తలమని బొంకుదురు. ఎల్. వి. ప్రసాదుగారి దర్శకత్వమున సావిత్రిగారు ధరించిన మేరీ తన మతమును దాచవలసివచ్చినను విడువదు. మేరీమాతను గూర్చి యామె చేయు ప్రార్థనను ఈ హాస్యచిత్రము పరిహసింపలేదు. ఇది మెచ్చదగిన సంస్కారము.

అయిన నొక లోపమును చెప్పక తప్పదు. తుదకు మేరీ, బాల్యమున తప్పిపోయిన జమీందారు కూతురే యని తేలును, చిక్కు విడును. చిత్రము ముగియగానే, కళాశాలలో చదువుచున్న మిత్రుని కుమార్తె, “మేరీ నిజముగా పాలుగారి కూతురే యైనచో ఆ పెండ్లికి పెద్దలొప్పుకొనియుందురా?” అని యడిగెను. పెద్దలమగు మేమెవ్వరమును బదులు చెప్పజాలకపోతిమి. కర్నూలు, కడప మండలములందు గుడియు చర్చియు నొకే యూర నున్నవి. ఉగాదికి ఓళిగలును, క్రిస్మసునకు కజ్జికాయలును ఇల్లిల్లు మారుచున్నవి. వియ్యము మాట వచ్చినపుడు మాత్రము గొంతులు మూగవోవుచున్నవి.

2010లో ‘మాయాబజారు’నకు రంగులద్దిరి. చిత్రమునకు రంగులద్దుట యంత్రముల పని. ఆ బాలిక ప్రశ్నకు బదులు చెప్పుట మన పని. ఈ సెలవులలో పాఠక మహాశయులు పొరుగువారిని పిలిచి ‘మిస్సమ్మ’ను చూతురు గాక. చూచిన పిమ్మట ఆ ప్రశ్నను తమ యింటనే వేసికొందురు గాక.