మోటారు సైకిలు పిడులు: తీయు విధము, తొడుగు విధము

మోటారు సైకిలు మన వీథులకు క్రొత్త వాహనము కాదు. 1984లో మన హోసూరు కర్మాగారముననే ఇండ్-సుజుకి మోటారు సైకిళ్లు తయారగుట ప్రారంభమైనది. అయినను హ్యాండిలు చివరలనున్న రబ్బరు పిడులను గూర్చి ఆలోచించువారు అరుదు. మెకానిక్కులు వీనిని గ్రిప్పులందురు. చక్రము గోతిలో పడినపుడు హ్యాండిలు చేజారకుండ కాపాడునవి ఇవియే. అరిగి వదులైన పిడి పరుగులో ఊడి చేతికి వచ్చినచో బండి అదుపు తప్పును. కావున వీనిని మార్చు పద్ధతిని ఇచ్చట వివరింపదలచితిమి.

మొదట కుడియెడమల భేదమును గ్రహింపవలెను. పెక్కు బండ్లలో హ్యాండిలు గొట్టపు వెలుపలి వ్యాసము సుమారు 22 మిల్లీమీటర్లు. ఎడమ పిడి నేరుగా ఈ గొట్టముపైననే యుండును. కుడివైపున దీనిపై తిరుగునట్టి మరియొక గొట్టము కలదు. దానిని త్రిప్పినచో యాక్సిలరేటరు కేబులు లాగబడి ఇంజను వేగము హెచ్చును. విడిచినచో స్ప్రింగు బలముచే అది వెనుకకు మరలును. ఈ రెండవ గొట్టము వలన కుడి పిడి రంధ్రము ఎడమ దానికంటె పెద్దదిగా నుండును. ఒకదానికి బదులుగా మరియొకటి తొడుగరాదు.

పిడిని పట్టియుంచునది ముఖ్యముగా ఘర్షణమే. తీయుటయనగా ఆ ఘర్షణమును తగ్గించుట. చివర బరువు బిళ్ల యున్నచో ముందుగా దాని స్క్రూను విప్పవలెను. తరువాత మొనలేని సన్నని చువ్వను రబ్బరు అంచు క్రిందుగా దూర్చి, ఆ సందులో సబ్బునీరు పోసి, పిడిని అటునిటు మెలిపెట్టుచు లాగవలెను. ఊరక లాగిన రాని పిడి మెలిపెట్టిన వచ్చుటకు కారణము కలదు. జారుచున్న వస్తువునకు ఘర్షణము దాని చలనమునకు ఎదురుగా మాత్రమే పనిచేయును. పిడి తిరుగుచున్నపుడు ఘర్షణము ఆ తిరుగుడునే అడ్డగించును గాన, వెలుపలికి లాగుటకు స్వల్ప బలము చాలును.

పనికిరాని పిడిని బ్లేడుతో నిలువుగా కోసియు తీయవచ్చును. కాని ఆ పని పెద్దలే చేయవలెను. కుడివైపు లోపలి గొట్టము తరచుగా ప్లాస్టిక్కుతో చేయబడును. బ్లేడు లోతుగా దిగిన అదియు చెడును.

తొడుగునపుడు అదే ఘర్షణమును మరల నెలకొల్పవలెను. గొట్టముపై త్రుప్పును, పాత జిగురును తుడిచి ఆరబెట్టవలెను. పిడి లోపల కొంచెము స్పిరిటు రాచి, ఆరక పూర్వమే మెలిపెట్టుచు త్రోయవలెను. స్పిరిటు ఆవిరియైన పిదప రబ్బరు గొట్టమును గట్టిగా పట్టుకొనును. నిప్పు సమీపమున ఈ పని చేయరాదు. నూనెయు గ్రీజును ఎన్నటికిని ఆరవు గాన వానిని వాడరాదు. పెట్రోలు రబ్బరును ఉబ్బించును. పైగా సులభముగా అంటుకొనును. ప్రత్యేకపు జిగురు వాడినచో, డబ్బాపై చెప్పినంత కాలము ఆరనిచ్చి గాని బండిని కదల్పరాదు.

కుడి పిడి లోపలి అంచు స్విచ్చి పెట్టెను ఒరయకుండ ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు విడువవలెను. రబ్బరు గొట్టముతో కలిసి తిరుగవలెను గాని, గొట్టముపై తాను జారరాదు.

తుదకు పరీక్ష. ఇంజను ఆపియుంచి, హ్యాండిలును ఎడమకు, నడుమకు, కుడికి త్రిప్పి, ప్రతి స్థానమున యాక్సిలరేటరును త్రిప్పి విడువవలెను. అది తటాలున వెనుకకు మరలవలెను. పిదప బయలు ప్రదేశమున, గేరు లేకుండ ఇంజను నడిపించి హ్యాండిలును ఇరువైపులకు త్రిప్పవలెను. ఇంజను శబ్దము హెచ్చినచో కేబులు లాగబడుచున్నదని అర్థము. ఆ దోషము సవరింపక ఎవరును ఆ బండి నెక్కరాదు. పిడి వెల స్వల్పమే. దానిని నమ్మి పట్టిన చేతుల వెల స్వల్పము కాదు.