తలా ఒక ముక్క

మూడేళ్ల పిల్లలిద్దరు తాడు చెరో కొస పట్టుకుని ఒకేసారి లాగితేనే పలక మీది గోలీలు దగ్గరికొస్తాయి. తీరా చూస్తే ఒకరికి మూడు, ఇంకొకరికి ఒకటే. అప్పుడు మూడు దొరికిన పిల్లలు చాలాసార్లు ఒకటి తీసి రెండోవాళ్లకు ఇచ్చేశారు. ఏ పనీ లేకుండా గోలీలు ఊరికే దొరికినప్పుడు ఆ పంపకం బాగా తగ్గింది. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2011లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన ప్రయోగమిది. చింపాంజీలు మాత్రం కలిసి లాగినా, లాగకపోయినా ఒకేలా ప్రవర్తించాయి. అంటే కలిసి సంపాదించింది కలిసి పంచుకోవాలన్న బుద్ధి బడిలో చేరేనాటికే పిల్లల్లో ఉంటుంది. దాన్ని నిలిపేదీ చెరిపేదీ మనం వాళ్లకిచ్చే పని తీరే.

టెక్సస్‌లోని ఆస్టిన్ నగరంలో 1971లో ఈ మాట రుజువైంది. అంతవరకు వేర్వేరు బడుల్లో చదివిన తెల్లజాతి, నల్లజాతి, మెక్సికో మూలాలున్న పిల్లల్ని ఒకే తరగతిలో కూర్చోబెట్టేసరికి కొట్లాటలు మొదలయ్యాయి. మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్సన్ తరగతులు గమనించి, తప్పు పిల్లల్లో కన్నా పాఠం నడిచే పద్ధతిలో ఉందన్నారు. టీచరు ప్రశ్న వేస్తే పది చేతులు లేస్తాయి, ఒక్కరికే అవకాశం. ఆ ఒక్కరూ తప్పు చెబితే మిగతావాళ్లకు సంబరం. ఆయన ఈ పద్ధతి మార్చి, ఒక పాఠాన్ని ఆరు ముక్కలు చేసి ఆరుగురికి తలా ఒకటి ఇచ్చారు. ఎవరి ముక్క వాళ్లు చదివి మిగతా ఐదుగురికి చెప్పాలి, చివర్లో మొత్తం పాఠం మీద ఎవరి పరీక్ష వాళ్లు రాయాలి. ఒక జట్టులో ఇంగ్లిషు తడబడే పిల్లవాణ్ణి మొదట్లో ఎగతాళి చేశారు. అతని భాగం మీద కూడా పరీక్షలో ప్రశ్నలుంటాయని గుర్తుచేశాక, నెమ్మదిగా ప్రశ్నలడిగి విషయం రాబట్టడం నేర్చుకున్నారు. అతనికి తాము అనుకున్న దానికన్నా ఎక్కువే తెలుసని అప్పుడు గాని వాళ్లకు తెలియలేదు! కొన్ని వారాలకు పిల్లల మధ్య ఇష్టం పెరిగింది. అల్పసంఖ్యాక పిల్లల మార్కులు మెరుగయ్యాయి, తెల్లజాతి పిల్లల మార్కులు తగ్గలేదు.

జట్టు పని అనగానే తల్లిదండ్రులు అడిగేది న్యాయమైన ప్రశ్నే: ఒకరు కష్టపడితే ఐదుగురు కూర్చుని తినరా? తింటారు. గుంపులో ఉన్నప్పుడు మనిషి తన బలం తగ్గించుకుంటాడని 1979లో మనస్తత్వ శాస్త్రవేత్త బిబ్ లతానె బృందం చప్పట్లు, కేకలతో చేసిన ప్రయోగాల్లో తేలింది. అయితే ఎవరి వంతు ఎంతో విడిగా తెలిసేలా చేస్తే ఆ బద్ధకం పోతుందని కూడా వాళ్లే తర్వాత చూపించారు. మన బడుల్లో ఒకే చార్టు మీద ఆరు పేర్లు రాయించే ప్రాజెక్టులో లోపించేది సరిగ్గా ఇదే. రేపు ఈఏపీసెట్ ఒంటరిగా రాయాలి కదా అన్న సందేహం కూడా ఆస్టిన్ పద్ధతికి తగలదు, అక్కడా పరీక్ష ఒంటరిదే. ఈ పద్ధతితో ప్రతిచోటా మార్కులు పెరుగుతాయని మాత్రం చెప్పలేం. ఫ్రాన్స్ బడుల్లో చేసి 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో చదువులో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. ప్రతి ముక్కా విడిగా చదివినా అర్థమయ్యేలా పాఠాన్ని విడగొట్టడం టీచరుకు గంటల పని. ఆ గంటలు టైంటేబుల్లో ఇవ్వకుండా పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టినంత మాత్రాన ఒకరి అవసరం ఇంకొకరికి పుట్టదు.