బండి మీది స్టిక్కర్ గీత: అపోహలు – వాస్తవాలు

కొత్త బండి కొన్న వారానికే స్టిక్కర్ షాపు ముందు ఆపేవాళ్ళు మన ఊళ్ళలో కోకొల్లలు. ట్యాంకు మీద రెండు గీతలు, కారు బానెట్ నుంచి డిక్కీ దాకా జంట పట్టీ, ఆటో చుట్టూ ఎర్ర అంచు. పెద్ద ఖర్చు కాదు గానీ ఎంతో ఇష్టపడి చేయించుకునే పని. ఆరు నెలలు తిరక్కుండానే అంచులు లేచి, జిగురుకు దుమ్ము పట్టి నల్లటి చార బయటపడితే ప్రాణం ఉసూరుమంటుంది. "గమ్ము మంచిది కాదు" అని తేల్చేస్తాం. చాలాసార్లు లోపం గమ్ములో ఉండదు. అతికించే ముందు బండిని సరిగ్గా తుడవలేదు, అతికించాక దానికి ఆరే సమయం ఇవ్వలేదు.

అపోహ: షోరూం నుంచి ఇప్పుడే వచ్చిన బండిని మళ్ళీ తుడవడమెందుకు?

వాస్తవం: తళతళలాడే బండితోనే జాగ్రత్తగా ఉండాలి. ఆ మెరుపు వెనుక మైనం, సిలికాన్ ఉన్న పాలిష్ ఉంటుంది. గమ్ము రంగుకు కాకుండా ఆ పాలిష్ పొరకు అంటుకుంటుంది, పొరతో పాటే ఊడి వస్తుంది. టైర్లకు కొట్టే మెరుపు స్ప్రే, బైకు చైనుకు కొట్టే నూనె తుంపరలు పక్క ప్యానెళ్ళ మీద పడతాయి, కంటికి కనబడవు. ముందు షాంపూ నీళ్ళతో కడగాలి. బాగా ఆరాక, రెండు పాళ్ళ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు ఒక పాలు నీళ్ళు కలిపి, పోగులు రాలని గుడ్డతో తుడవాలి. ఆ తడి దానంతటది ఆరేదాకా ఆగకుండా వెంటనే మరో పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. లేకపోతే కరిగిన జిడ్డు మళ్ళీ అక్కడే పేరుకుంటుంది. ఆ తర్వాత అక్కడ వేలు కూడా పెట్టకూడదు.

సొట్ట తీయించి రంగు వేయించిన బండి అయితే ఇంకా ఓపిక పట్టాలి. కంపెనీలో రంగును ఓవెన్‌లో వేడిచేసి గట్టిపరుస్తారు. షాపులో వేసిన రంగు చేతికి ఆరినట్టే తగిలినా, లోపలి ద్రావకం చాలా రోజులు ఆవిరవుతూనే ఉంటుంది. పైన ఫిల్ము కప్పేస్తే ఆ ఆవిరికి దారి ఉండదు, బుడగలై లేస్తుంది. స్టిక్కర్ తీసేటప్పుడు రంగు కూడా దాంతోపాటే రావచ్చు. దాదాపు నెల రోజులు ఆగడం మేలు. బంపర్ల కింద కనిపించే గరుకు నల్ల ప్లాస్టిక్ మీద మాత్రం ఎంత తుడిచినా మామూలు గమ్ము నిలవదు. ఆ ప్లాస్టిక్ స్వభావమే అంత, గీతను అక్కడిదాకా రాకుండా ముందే ఆపెయ్యాలి.

అపోహ: మందంగా ఉన్న స్టిక్కరే ఎక్కువ కాలం మన్నుతుంది.

వాస్తవం: బండి ఒంపుల మీద దాదాపు ఎప్పుడూ జరిగేది దీనికి తలకిందులు. స్టిక్కర్ అంటే పీవీసీ ఫిల్ము. దాన్ని రెండు రకాలుగా చేస్తారు. వేడి రోలర్ల మధ్య నొక్కి, లాగి పల్చన చేసేది క్యాలెండర్డ్ రకం. మామూలుగా 70 నుంచి 100 మైక్రాన్ల మందం ఉంటుంది. బలవంతంగా లాగిన ఫిల్ము కాబట్టి ఎండ తగిలినకొద్దీ మళ్ళీ ముడుచుకోవాలని చూస్తుంది. ఫిల్ము ముడుచుకుని వెనక్కి జరిగితే గమ్ము అంచు బయటపడుతుంది, దానికి దుమ్ము అంటుతుంది. ఆ నల్ల చార ఇలా కూడా పుడుతుంది. రెండోది కాస్ట్ రకం. ద్రవాన్ని పల్చగా పోసి, వేడితో గట్టిపరిచి చేస్తారు. మందం 50 మైక్రాన్లు అటూ ఇటుగా ఉంటుంది. లాగి చేసింది కాదు కాబట్టి ముడుచుకోవడం చాలా తక్కువ, ట్యాంకు గుండ్రానికి ఒదిగిపోతుంది. ధర ఎక్కువే. చదునైన డోరు మీద నేరు గీతకు మొదటి రకం సరిపోతుంది. ట్యాంకుకు, మడ్‌గార్డుకు, బంపర్‌కు రెండోదే అడిగి తీసుకోవాలి. నన్నడిగితే డిజైన్ మీద పెట్టే డబ్బు కన్నా ఫిల్ము రకం మీద పెట్టే డబ్బే సార్థకం.

అపోహ: మిట్ట మధ్యాహ్నం ఎండలో అతికిస్తే వేడికి బాగా పట్టేస్తుంది.

వాస్తవం: పట్టేస్తుంది, అదే ఇబ్బంది. వేడెక్కిన రేకు మీద గమ్ము తగిలీ తగలగానే అంటుకుంటుంది. వంకరపోతే ఎత్తి సరిచేసే వీలుండదు. మెత్తబడిన ఫిల్ము చేతిలోనే సాగిపోతుంది, చల్లారాక ముడుచుకుంటుంది. చాలా ఫిల్ములకు సుమారు 15 నుంచి 30 డిగ్రీల మధ్య వేడి అనువు. విజయవాడ, రామగుండం వేసవిలో ఆపాటి వేడే ఉండాలంటే తెల్లవారుజామున, నీడపట్టునే పని చేయాలి. హీట్ గన్ అవసరం చివర్లో వస్తుంది. ఒంపుల్లో, అంచుల్లో సాగిన ఫిల్ము అలాగే కుదురుకోవడానికి.

అపోహ: తడి తగిలితే గమ్ము చెడిపోతుంది.

వాస్తవం: రెండు మూడు చుక్కల షాంపూ కలిపిన నీళ్ళు చల్లి అతికించడం చాలాకాలంగా ఉన్న పద్ధతే. తడి ఉన్నంతసేపు గీతను అటూ ఇటూ జరిపి సరిచూసుకోవచ్చు. కుదిరాక, అంచుకు మెత్తటి గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ కార్డుతో మధ్య నుంచి బయటికి నొక్కుతూ నీటిని పూర్తిగా తోసెయ్యాలి. పైన గీతను పట్టి ఉంచే ట్రాన్స్‌ఫర్ పేపర్‌ను వెంటనే లాగకుండా కాసేపు ఆగాలి. గాలి పోయేందుకు వెనుక సన్నని కాలువలున్న ఫిల్ములు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిని మాత్రం పొడిగానే వేయాలి, తడి చేస్తే ఆ కాలువల్లో నీరు నిలిచిపోతుంది. ఏ రకమైనా గమ్ము బలం గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంది. మొదటి 24 గంటలు తడపకూడదు. వాటర్ సర్వీసింగ్‌కు కొన్నాళ్ళు వెళ్ళకపోవడం మంచిది, వెళ్ళాక కూడా గొట్టం ధార అంచుకు ఎదురుగా పెట్టనివ్వకండి.

ఇక చిన్న బుడగ మిగిలితే బ్లేడు అక్కర్లేదు. సన్నని సూదితో బుడగ అంచున పొడిచి, వేలితో అదిమితే చాలు.

అపోహ: అతికించాక బండి మీదే బ్లేడుతో సైజు కత్తిరించుకోవచ్చు.

వాస్తవం: ఇది చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. కారు మీది రంగు పొరలన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లే, అంటే జిరాక్స్ కాగితం మందం కన్నా కాస్త ఎక్కువ. బ్లేడు ఒక్కసారి గట్టిగా లాగితే రేకు దాకా దిగుతుంది. ఆ కోతలోకి తేమ చేరి తుప్పు మొదలవుతుంది. విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్ళలో మరీ త్వరగా. గీతను ముందే, స్టిక్కర్లు కోసే ప్లాటర్ యంత్రం మీద కోయించుకోవాలి. బండి మీద కోయక తప్పకపోతే, లోపల దారం ఉండే టేపు దొరుకుతుంది. దాన్ని ఫిల్ము కింద పరిచి దారం లాగితే ఫిల్ము ఒక్కటే తెగుతుంది. డోరు అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఇవతలే గీత ఆపి, కొసలను గుండ్రంగా కోస్తే తొందరగా లేవవు.

అపోహ: స్టిక్కర్ వేస్తే కింద రంగు పాడవుతుంది.

వాస్తవం: తీసినప్పుడు కనిపించే ముదురు గీత పాడైన చోటు కాదు, ఎండ తగలక అసలు రంగు మిగిలిన చోటు. వెలిసింది దాని చుట్టూ ఉన్నది. నిజమైన నష్టం తీసే పద్ధతిలో ఉంది. చల్లగా ఉన్నప్పుడు గోటితో గీకడం, థిన్నర్ పోసి రుద్దడం వల్ల రంగు దెబ్బతింటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి, ఫిల్మును దాని మీదికే మడుస్తూ మెల్లగా లాగాలి. మిగిలిన జిగురును ఆల్కహాల్‌తో నానబెట్టి తుడవాలి.

సొట్టలు, తుప్పు స్టిక్కర్ కింద దాగుతాయనుకోవడం వృథా. పల్చటి ఫిల్ము ఉన్న సొట్టను ఉన్నట్టే చూపిస్తుంది, తుప్పు కింద పెరుగుతూనే ఉంటుంది.

అపోహ: రేడియం స్టిక్కర్ చీకట్లో దానంతటదే వెలుగుతుంది.

వాస్తవం: అందులో రేడియం లేదు, సొంత వెలుగూ లేదు. సన్నని గాజు పూసలో, పట్టకాలో ఎదుటి బండి హెడ్‌లైటు వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. బురద కప్పేస్తే వెలుగు వాటిని చేరదు, టేపు ఉన్నా లేనట్టే. రాత్రి రోడ్డు పక్కన ఆపిన ట్రాక్టర్ ట్రాలీల వెనక ఇదే జరుగుతుంది. సరుకు రవాణా వాహనాలకు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు టేపు ఉండాలని నిబంధన. అందం కోసం ఈ రంగులను తారుమారు చేస్తే వెనక వచ్చేవాడికి బండి ఎటు తిరిగి ఉందో తెలియదు. అలంకారపు గీతలు నంబరు ప్లేటు మీదికీ, లైట్ల మీదికీ రానివ్వకూడదు. ఒకటి రెండు గీతలకు ఆర్సీతో పని లేదు గానీ, బండి మొత్తం రంగు మారేలా ఫిల్ము చుట్టిస్తే ఆ మార్పును రవాణా శాఖ దగ్గర నమోదు చేయించుకోవాలి.